ఏరు దాటిన సైకిలు

సైకిళ్ళ మీద ఊళ్ళు తిరిగొచ్చినవాళ్ళు సాధారణంగా కొండల గురించో, పొద్దుపొడుపు గురించో మొదలుపెడతారు. నేను మోకాళ్ళ గురించి మొదలుపెడతాను. నావి కావు, మా అక్క సత్యవతివి.

మా అక్కని తుంగభద్ర అవతల, గంగావతి వైపు ఒక క్యాంపుకి ఇచ్చారు. కాలవ నీళ్ళు వచ్చిన కొత్తల్లో మన కోస్తా రైతులు అక్కడికి వెళ్ళి పొలాలు కొని, వరి వేసి, ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళని క్యాంపులంటారు. తెనాలిలో మాకు క్యాంపు అంటే కంటి ఆపరేషన్ల క్యాంపే. అందుకని మా అమ్మమ్మ చివరిదాకా, మనవరాలిని చూపులేని సంబంధానికి ఇచ్చారేమోనని అనుమానపడుతూనే ఉండేది.

ఆ క్యాంపులో ముప్పై ఏళ్ళు నాట్లలో, కోతల్లో కూలీలతో సమానంగా వంగిన అక్క ఇప్పుడు ఇంటి మెట్లు కూర్చుని దిగుతోంది. రెండు మోకాళ్ళూ మార్చాలని, ఇంకా ఆలస్యం చేస్తే కుర్చీలోంచి లేవడం కూడా ఉండదని బళ్ళారి డాక్టరు చెప్పేశాడు. అక్క మూడుసార్లు తారీఖు తీసుకుంది. మొదటిసారి ఏకాదశి అడ్డం వచ్చింది. రెండోసారి నాట్లు. మూడోసారి గేదె ఈనింది. గేదె ఈనడానికి అక్క మోకాళ్ళు ఎందుకో మా బావకి ఇప్పటికీ తెలీదు. అసలు సంగతి కత్తి అంటే భయం. చిన్నప్పుడు చెవులు కుట్టే కంసాలిని చూసి గడ్డివాములో దాక్కున్న మనిషి.

నాలుగోసారి బావ తీసుకున్న తారీఖు గురించి నేను ఫోన్లో బతిమాలుతుంటే ఆవిడ విసుక్కుంది. "నువ్వు బళ్ళారిలో రైలు దిగి, సైకిలెక్కి, ఏరు దాటిన్నాడు చేయించుకుంటాలేవే" అంది. మా ఇంట్లో ఆ మాటకి కాకి తెల్లబడిన్నాడు అని అర్థం. ఎందుకంటే నేను సైకిలు నేర్చుకున్నది నలభై తొమ్మిదో ఏట. నాకు జాకెట్లు కుట్టే షాపు ఉంది. కుట్టుమిషను తొక్కిన కాళ్ళకి సైకిలు ఒక లెక్కా అనుకుని ఎక్కాను. మొదటి నెలలోనే ఒక తోపుడుబండి వంకాయలన్నీ రోడ్డు మీద పోయించాను. ఆ వార్త అక్కదాకా వెళ్ళింది.

మాట ఆవిడే అంది, నేను పట్టుకున్నాను. ఆపరేషన్ తారీఖుకి ముందు వారమే నేనూ, మా ఆయన రమణా బళ్ళారిలో రైలు దిగాం. రైల్లో సైకిళ్ళు వేసుకురావడానికి పడిన తిప్పలు చెప్పను, చెబితే మీరు ఇక్కడే చదవడం ఆపేస్తారు.

కప్పగల్లు

బళ్ళారి నుంచి, తుంగభద్ర మీద వంతెన ఉన్న కంప్లికి తిన్నగా రోడ్డుంది. ఆ రోడ్డు మీద లారీలున్నాయని మా ఆయన ఫోను చూసి ఇంకో దారి గీశాడు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, వాయవ్యానికి పోవాల్సినవాళ్ళం ముందు ఈశాన్యానికి పోయాం. ఆయనకి తెనాలిలో మందుల షాపు. ఆయన సైకిలు వెనక సంచిలో సగం షాపు ఉంది. కాళ్ళ నొప్పికి, కడుపు నొప్పికి, కుక్క కరిస్తే వెంటనే, కుక్క కరవకపోయినా ముందు జాగ్రత్తకి.

ఊరు దాటగానే గుట్టలు మొదలయ్యాయి. మన వైపు కొండంటే చెట్టూ చేమా ఉంటాయి. ఇక్కడివి ఒట్టి రాళ్ళు. ఎవరో పెద్ద బాణలిలో పునుగులు వేయించి, గుట్టగా పోసి, తినడం మరిచిపోయినట్టు ఉంటాయి. కప్పగల్లు గుట్ట మీద కొన్ని రాళ్ళు కొడితే మోగుతాయని ఎవరో చెప్పారు. కింద మేకలు మేపుతున్న ఒకామెని అడిగితే, "మోగుతాదమ్మా, అన్నీ మోగవు, మోగే రాయి ఏదో అది మోగుతాది" అంది. ఇంతకంటే వివరంగా ఎవరు చెబుతారు? మా ఆయన వరసగా పది రాళ్ళు కొట్టాడు. పదకొండోది నిజంగానే ఇత్తడి గిన్నెలా మోగింది. ఆయన చెయ్యి వాచింది. సంచిలోంచి మొదటి గొట్టం మందు బయటికి వచ్చింది.

రోడ్డు పక్క హోటల్లో పొద్దుటి టిఫినుకి వగ్గాణి తిన్నాం. బొరుగులు తడిపి, తాలింపు వేసి, పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జి పెట్టి ఇస్తారు. ఇద్దరికీ కలిపి అరవై రూపాయలయింది. మిరపకాయ పొడుగ్గా, ఘనంగా ఉంది. గుంటూరు జిల్లా దాన్ని కనుక కొంచెం భయపడే కొరికాను. కారం లేదు. చూపులకి పులి, లోపల మా ఆయన.

టీ అడిగితే హోటలాయన "వన్ బై టూనా?" అన్నాడు. ఒక్క టీని రెండు గ్లాసుల్లో పోసి ఇవ్వడం అక్కడి ఆచారం. మన దగ్గర ఇలా అడిగితే పిసినారి అంటారు. అక్కడ స్నేహితులంటే అలాగే తాగుతారట. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళకి మేం స్నేహితులమయ్యాం.

"యాడికి పోతాండారమ్మా ఈ సైకిళ్ళ మింద?" హోటలాయన అడిగాడు.

"కంప్లికి" అన్నాను.

"కంప్లికా? బస్సులుండాయి గదమ్మా."

"తెలుసు."

ఆయన మా ఆయన వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఏమప్పా, ఇంట్లో ఏమన్నా జగడమా?" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ఊళ్ళోనూ ఇదే. మా వయసువాళ్ళు సైకిలు తొక్కుతున్నారంటే బండి చెడిపోయి ఉండాలి, బస్సు తప్పిపోయి ఉండాలి, లేదా కొడుకులు తరిమేసి ఉండాలి. ఊరికే తొక్కుతున్నామంటే ఎవరూ నమ్మరు.

మోక

మోకలో హగరి నది చూడాలని ఎంతో ఆశపడ్డాను. చూశాను. ఇసక. ఇటు నుంచి అటుదాకా ఇసక, మధ్యలో ఎవరో బిందె జారవిడిస్తే కారినన్ని నీళ్ళు. వానాకాలంలోనే ఇలా ఉంటే ఎండాకాలంలో ఏం ఉంటుందో. కృష్ణ పక్కన పుట్టినవాళ్ళకి నదుల విషయంలో కొంచెం పొగరు ఉంటుంది, నాకు ఇంకొంచెం ఎక్కువ ఉంది. ఈ దేశంలో నదులు దాటడానికి సైకిలు కూడా అక్కర్లేదు, చీర కుచ్చిళ్ళు ఎత్తితే చాలు అని మా ఆయనతో అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనికి నేను తర్వాత అనుభవించాను.

ఆ రాత్రి పడుకున్నది ఈరమ్మ ఇంట్లో. దారిలో నీళ్ళడిగితే లోపలికి పిలిచి, జొన్న రొట్టె చేతిలో పెట్టి, మబ్బు చూపించి ఇక కదలనివ్వలేదు. వాళ్ళవి తరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు. ఈరమ్మ పత్తి చేలో కూలికి పోతుంది, మొగుడు ట్రాక్టరు తోలతాడు. ఆమె రొట్టె తట్టే చప్పుడుకి నాకు మా షాపులో మిషన్లు గుర్తొచ్చాయి, అదే వరస, అదే వేగం. నేనొకటి తట్టాను. అది మన రాష్ట్ర పటంలా వచ్చింది.

రొట్టెలోకి ఆకుకూర పెట్టి, "పుండి పల్య తినండమ్మా" అంది. పుండి అంటే పుండు గుర్తొచ్చి మా ఆయన భయపడ్డాడు. నోట్లో పెట్టుకుంటే గోంగూర. గుంటూరు నుంచి ఇంత దూరం వచ్చి, పేరు మార్చుకున్న గోంగూర తిన్నాం. ఊట అంటే అక్కడ భోజనం, మనకి నీటి ఊట. తిండి అంటే వాళ్ళకి పొద్దుటి టిఫిను, మనకి అన్నీ. మాటలు అవే, అర్థాలు మాత్రం కాపురాలు మార్చుకున్నాయి. ఇది గ్రహించి నేను నవ్వుకున్నాను గాని, జాగ్రత్తపడలేదు.

అక్క సంగతి చెబితే ఈరమ్మ రొట్టె తట్టడం ఆపింది. "మా అత్తకీ ఇట్లే ఆయనమ్మా. రేపు మాపు అన్యాది. ఇప్పుడు మంచం మింద్నే ఉండాది, అన్నీ నేనే" అంది. లోపలి గదిలోంచి ముసలామె దగ్గు వినిపించింది. ఈరమ్మ గొంతులో విసుగు లేదు, అది ఇంకా బాధ పెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతవరకూ ఇదంతా నాకు పందెం. ఆ దగ్గు విన్నాక భయం పుట్టింది. నేను ఏరు దాటకపోతే మా అక్క కూడా ఇలాగే గదిలోంచి దగ్గుతుందనిపించింది.

కురుగోడు దాటాక

పొద్దున్నే పడమటికి తిరిగాం. దారంతా కాలవలు, నాట్లు, మధ్యమధ్య నల్లరేగడి చేలు. బురదలో పడ్డాను ఒకసారి. ఎడమ పక్కకి పడ్డాను, మొక్కల మీదికి పడలేదు, ఆ రైతు అదృష్టం. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళంతా వరసగా నడుం ఎత్తి చూసి, మళ్ళీ వరసగా వంగారు. పాట మాత్రం ఆపలేదు.

కురుగోడు దాటాక రెండు గుట్టల మధ్య నుంచి దారి. అక్కడ టీవీఎస్ బండి మీద గడ్డిమోపు వేసుకుని ఒకాయన ఎదురొచ్చాడు. మోపు పెద్దది, ఆయన చిన్నవాడు, గడ్డే బండి తోలుతున్నట్టు ఉంది. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఈ దోవన పోతాండారా? ముందర పెద్ద ఏరుండాదమ్మా. సైకిల్ మింద కాదు. దిగి తోసుకోని పోవాల్సిందే."

"ఎంత ఉంటుంది?" మా ఆయన అడిగాడు.

"శానా ఉండాదప్పా. మా బండే మొరాయిస్తాది."

గడ్డి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పటంలో ఏరు లేదు. వానాకాలం కదా, గుట్టల నీళ్ళు దిగి ఏదో వాగు వచ్చి ఉంటుందని తేల్చాం. టీవీఎస్ మొరాయిస్తోందంటే పొగగొట్టంలోకి నీళ్ళు పోయేంత లోతన్నమాట, మోకాలి పైన ఉంటుందని మా ఆయన లెక్క కట్టాడు. హగరిని చూసొచ్చిన ధైర్యంతో నేను పదమన్నాను.

తయారయ్యాం. ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడిచాం. ఫోన్లు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మా ఆయన మందుల సంచి కారియరు మీద నుంచి తీసి తలకి కట్టుకున్నాడు. చెప్పులు తాడుతో కట్టి మెడలో వేసుకున్నాం. ఆ అవతారంలో మళ్ళీ సైకిలెక్కాం.

దారి కొంచెం పైకి లేచింది. ఇంకొంచెం లేచింది. ఏరు అవతల పల్లంలో ఉంటుంది, ఇది దాని ముందు గట్టు అనుకున్నాను. ఉత్త కాళ్ళకి పెడళ్ళు గుచ్చుకుంటున్నాయి. ఊపిరి అందలేదు. నిలబడి తొక్కాను, వంకర్లు తిరుగుతూ తొక్కాను, మా అత్తగారిని తలుచుకుని తొక్కాను. దిగుదామని రెండుసార్లు అనిపించింది. కానీ అసలు కష్టం ముందుంది, ఈ పాటి గట్టుకే దిగితే ఏరు దగ్గర ఏం చేస్తానని సిగ్గేసి దిగలేదు. మా ఆయన మధ్యలోనే దిగి, తల మీద మందులతో తోసుకుంటూ వస్తున్నాడు.

పైన ఒక పెద్ద రాయి నీడలో గొర్రెల కాపరి కూర్చున్నాడు. గొంగడి, కర్ర, చెవిలో పాటలు వినే వైరు. నన్ను చూసి వైరు తీసేసి లేచి నిలబడ్డాడు. చేతులు దాదాపు జోడించాడు.

"యా దేవునికమ్మా మొక్కుబడి?"

"మొక్కుబడి ఏమిటి?"

"కాదా? చెప్పులు మెడకేసుకోని, ఉత్త కాళ్ళతో వస్తాండారే."

ఆయాసంతో మాట రాలేదు. వేలితో ముందుకి చూపించి, "ఏరు ఎక్కడ?" అన్నాను.

"ఏందమ్మా?"

"ఏరు. ఇక్కడ ఏరు ఉందన్నారు. దాటాలన్నారు."

ఆయన నన్ను చూశాడు, వెనక దారి చూశాడు, తల మీద సంచితో వస్తున్న మా ఆయన్ని చూశాడు. "ఎక్కేసినారు గదమ్మా" అన్నాడు మెల్లిగా, ఎండదెబ్బ తగిలినవాళ్ళతో మాట్లాడినట్టు. "ఇదే ఏరు. ఇంగ ముందరంతా ఇళిజారే. జారుకోని పోతారు."

అప్పుడు తెలిసింది. కన్నడంలో ఏరు అంటే ఎక్కుడు, ఎత్తు రోడ్డు. అక్కడి తెలుగువాళ్ళు ఆ మాటని అలాగే తెలుగులో కలిపేసుకున్నారు. మేం ఏరెక్కాం, నీళ్ళలో కాదు. నేను రోడ్డు మీదే కూలబడి నవ్వాను. కాపరి కూడా నవ్వాడు గాని, మర్యాదకి పక్కకి తిరిగి నవ్వాడు. నీళ్ళ ఏరుని ఏమంటారని అడిగితే, "అదీ ఏరే గదమ్మా" అన్నాడు. మరి తేడా ఎలా తెలుస్తుందంటే, "చూస్తే తెల్దా?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మా అక్క మోకాళ్ళ కోసం తొక్కుతున్నానని చెబితే ఆయన మొహం గంభీరమైంది. "అయితే మొక్కుబడే" అని కూర్చుని వైరు చెవిలో పెట్టుకున్నాడు.

కంప్లి దారిలో

ఇళిజారు దిగి, పల్లంలోకి వచ్చాక మళ్ళీ వరి, కాలవలు, కొబ్బరిచెట్లు. కంప్లికి ముందు ఒక క్యాంపులో టీ కోసం ఆగాం. గోడల మీద సున్నం, ముంగిట ముగ్గు, పెరట్లో మునగచెట్టు, అరుగు మీద పేపరు చదువుతూ ఇంకో పెద్దాయనతో రాజకీయం వాదిస్తున్న పెద్దాయన. తెనాలి పక్క ఊరొకటి ఎవరో ఎత్తి తెచ్చి ఇక్కడ దించినట్టే ఉంది. టీ పూర్తి గ్లాసు ఇచ్చారు. స్నేహం అయిపోయింది, మళ్ళీ మొగుడూ పెళ్ళాలమయ్యాం.

పేపరు పెద్దాయన అడిగాడు, "ఎందాకండీ?"

"కంప్లి దాటి, అవతలికండీ" అన్నాను.

"ముందు ఏరు జోరుగా ఉందమ్మా. మీవల్ల కాదు. ఇక్కడే ఆగిపోండి."

నేను మా ఆయన వైపు చూసి కన్నుగీటాను. ఇంతేళ్ళు ఇక్కడ కాపురమున్నాక ఈయన మాటా ఇక్కడి మాటే అయిపోయి ఉంటుంది కదా. ఇప్పుడు మాకు తెలుసు. "ఏం పర్లేదు బాబాయిగారూ, పొద్దున ఒక ఏరు ఎక్కే వచ్చాం. ఇంకోటి ఎక్కుతాం" అన్నాను.

ఆయన పేపరు దించాడు. "ఏరు ఎక్కుతారా?" అన్నాడు.

"దిగకుండా" అన్నాను.

మేం వెళ్తుంటే ఆయన రెండో పెద్దాయనతో ఏదో అన్నాడు. ఆ ఏదో ఏమిటో ఇప్పుడు ఊహించగలను.

వంతెన

కంప్లి ఊళ్ళో బజారు మామూలుగానే ఉంది. వంతెన వైపు వెళ్ళేకొద్దీ జనం ఎక్కువయ్యారు, బజ్జీల బండ్లు ఎక్కువయ్యాయి. ఏదో జాతర అనుకున్నాను. జనం చివర పోలీసులు అడ్డుకర్రలు పెట్టారు. అడ్డుకర్రల అవతల వంతెన లేదు. పైన తుంగభద్ర డ్యాము గేట్లు ఎత్తారు. ఎర్రటి నీళ్ళు, వంతెన చేతిపట్టీల పై అంచు మాత్రం అక్కడక్కడ కనిపిస్తోంది, వాటికి చిక్కుకుని ఒక చెట్టు కొమ్మ ఊగుతోంది. ఆ చప్పుడు ముందు చెవులకి కాదు, అరికాళ్ళకి తెలిసింది.

ఇది అసలు ఏరు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దాటే నదులని నేను వెక్కిరించిన దేశంలోది. సైకిలు పట్టుకుని నిలబడ్డాను. పక్కన ఒకాయన పొట్లంలోంచి బజ్జీ ఇవ్వబోయాడు. వద్దన్నాను. ఏడుపొచ్చింది. అంత దూరం వృథాగా తొక్కినందుకు కాదు. ఆపరేషన్‌కి రోజులు దగ్గర పడ్డాయి, అక్కకి ఇంతకంటే మంచి సాకు జన్మలో దొరకదని నాకు తెలుసు. మోకలో ఆ లోపలి గది కళ్ళ ముందుకొచ్చింది.

మా ఆయనే ఫోను చేసి, అందరూ వినేలా పెట్టాడు.

"చూశావుటే" అంది అక్క, ఎత్తుతూనే. ఆవిడకి నీళ్ళ సంగతి పొద్దున్నే తెలుసు. "గంగమ్మ తల్లి కూడా నా వైపే. ఆపరేషన్ వద్దంటోంది."

"మేం హోస్పేట మీదుగా చుట్టు తిరిగి వస్తాం" అన్నాను. "తొక్కుకుంటూనే."

"చుట్టు తిరిగితే దాటినట్టు కాదు. ఏరు దాటిన్నాడు అన్నాను నేను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అంటారు, నువ్వు ఓడ దాకా కూడా రాలేదు. ఇంటికి పొండి, పకోడీలు తినండి, నాకేం కాదు." ఆ చివరి మాట దగ్గర గొంతు కొంచెం పల్చబడింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడ గెలిచినందుకు సంతోషంగా లేదు.

కాపరి మాట గుర్తొచ్చింది. అదీ ఏరే గదమ్మా.

"అక్కా, మీ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు పక్కన?"

"దురగమ్మ ఉంది. ఎందుకు?" దురగమ్మ ఇరవై ఏళ్ళుగా అక్క పొలంలో పనిచేసే మనిషి. అక్కడ పుట్టి పెరిగింది.

"దురగమ్మా, ఏరంటే ఏమిటి?" అన్నాను.

అటు ఫోనూ అందరూ వినేలానే ఉంది. దురగమ్మ గొంతు వచ్చింది: "ఏరంటే... ఏరే అక్కా. మిట్ట. ఎక్కేది."

"కురుగోడు దాటాక గుట్టల మధ్య పెద్ద ఏరుంది, తెలుసా?"

"తెల్దా నాకు? మా అమ్మగారి ఊరు దోవే గదా. బండెద్దులే నురగ కక్కుతాయి ఆడ."

"అది ఇవాళ పొద్దున నేను సైకిలు మీద దాటాను."

  నా చుట్టూ బజ్జీలవాళ్ళు తినడం ఆపి వింటున్నారని అప్పుడు గమనించాను.

"దిగకుండానా?" అంది అక్క.

"దిగకుండా."

"సాక్షి ఎవరు? నువ్వు చిన్నప్పటి నుంచీ అబద్ధాలకోరువి."

మా ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఈ మనిషి ఏ విషయంలోనూ నాకంటే తక్కువని నలుగురిలో ఒప్పుకోగా నేను చూడలేదు. "నేను సాక్షినండీ వదినగారూ" అన్నాడు. "నేను సగంలో దిగి తోసుకుంటూ వచ్చాను. ఇది దిగలేదు. పైకెళ్ళి చెప్పులు మెడలో వేసుకుని కూర్చుంది."

"చెప్పులు మెడలో ఎందుకు?"

ఆయన చెప్పాడు. ఏరు అనుకోవడం, కవర్లు, తల మీద మందుల సంచి, మొక్కుబడి, అన్నీ. అటు దురగమ్మ నవ్వడం వినిపించింది. తర్వాత మా బావ. అక్క చివర నవ్వింది, నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, ఆ దగ్గులోనే ఎక్కడో ఏడ్చింది కూడా. నేను ఫోను పెట్టెయ్యలేదు, ఆవిడా పెట్టెయ్యలేదు. కాసేపటికి, "అక్కడే ఉండు, కదలకు" అని కట్ చేసింది.

మేం అక్కడే ఉన్నాం. బజ్జీలు కొనుక్కుని తిన్నాం, ఈసారి పిలిచి ఇచ్చినవీ వద్దనలేదు. పొద్దు కొంచెం వాలాక అవతలి ఒడ్డున ఒక ఆటో వచ్చి ఆగింది. పసుపు చీర మనిషి ఒకరు దిగడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరు పట్టుకున్నారు. అంత దూరం నుంచి మొహం కనబడదు, కానీ ఆ నడక తెలియకపోవడం ఏమిటి? రెండు అడుగులు, ఆగడం, మళ్ళీ రెండు. అడ్డుకర్రల దాకా వచ్చింది. నేను సైకిలు ముందు చక్రం పైకెత్తి చూపించాను. ఆవిడ చేతికర్ర పైకెత్తింది. కర్ర లేకుండా, ఎవరినీ పట్టుకోకుండా ఒక్క క్షణం నిలబడిందని మా ఆయన అంటాడు. నాకు కళ్ళలో నీళ్ళుండి సరిగ్గా కనిపించలేదు.

ఫోను మోగింది. "తారీఖు ఎప్పుడని?" అంది.

తిరిగొచ్చాక

అక్క చుట్టుదారిన బళ్ళారి వచ్చి, మత్తు సూది చూసి కళ్ళు మూసుకుని, చెవులు కుట్టిన కంసాలిని పేరు పెట్టి తిడుతూ రెండు మోకాళ్ళూ మార్పించుకుంది. మేం సైకిళ్ళు మళ్ళీ రైల్లో వేసి తెనాలి వచ్చేశాం. నేను కుట్టాల్సిన జాకెట్లు గుట్టగా పేరుకుని ఉన్నాయి. ఆ గుట్ట కూడా ఏరే, దిగకుండా ఎక్కుతున్నాను.

ఆస్పత్రిలో కాళ్ళకి వ్యాయామం చేయించే పిల్ల అక్కని రోజూ ఒక సైకిలు ఎక్కిస్తోందట. నేలకి బిగించిన సైకిలు, ఎంత తొక్కినా ఎటూ పోదు. మొదటి రోజుల్లో, ఇదేం సైకిలే, తెనాలి రోడ్ల లాంటిది అని ఫోన్లో విసుక్కునేది. నిన్న సాయంత్రం తనే చేసింది. ఆయాసపడుతోంది.

"ఒసే, ఇవాళ ఈ పిల్ల ఏదో మర తిప్పి, స్వల్ప ఏరు పెడతానమ్మా, అలుపొస్తే దిగెయ్యండి అంది" అంది.

"అయితే?"

"చెప్పులు మెడలో వేసుకోలేదు గాని," అంది అక్క, "దిగలేదు."